వంట వీడియోలతో ఇంగ్లీష్: మొదట ఎవరి వీడియో చూడాలి?

కూతురి కాన్పుకి అమెరికా వెళ్లే అమ్మలు, చదువుకోవడానికి లండన్ వెళ్లి సాయంత్రాలు కేఫ్‌లో పనిచేసుకుందామనుకునే పిల్లలు, హోటల్ లైన్‌లో దుబాయ్‌కో ఓడ మీదికో పోవాలని చూసే కుర్రాళ్లు. నెల్లూరులో నేను స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పే చోటికి ఈ మూడు రకాలవాళ్లూ వస్తుంటారు. కావలి నుంచి, ఒంగోలు నుంచి ఫోన్ చేసి అడిగేవాళ్లూ ఉన్నారు. అందరూ అడిగేది ఒకటే: "మేడమ్, వంటింటి ఇంగ్లీష్ రావాలంటే యూట్యూబ్‌లో ఎవరిని చూడాలి?"

మంచి ప్రశ్న. ఎందుకంటే చాలామంది పేరు విన్నారు కదా అని బ్రిటిష్ షెఫ్ గార్డన్ రామ్సే వీడియో పెట్టుకుంటారు. ఆ వేగానికి ఒక్క ముక్కా పట్టుకోలేక, మూడో రోజుకి ఇంగ్లీష్ మనకి రాదులే అని ఫోన్ పక్కన పెట్టేస్తారు. ఇరవై ఏళ్లుగా వంట చేస్తున్న ఆడమనిషికి వంటింటి భాష రాకపోవడమేమిటి? మొదటి వీడియో సరైనది దొరికితే ఆమెకి వచ్చినంత తొందరగా ఇంకెవరికీ రాదు.

నా సలహా ముందే చెప్పేస్తాను. మీకు చెయ్యి తిరిగిన వంటని ఇంగ్లీష్‌లో చెబుతూ చేసే మన దేశపు వంటవాళ్లతో మొదలుపెట్టండి. ఒక నెల అవి చూశాక మీరు వెళ్లబోయే దేశంవాళ్ల వీడియోలకి మారండి. ఎక్కడికీ వెళ్లనివాళ్లు బ్రిటిష్, అమెరికన్ రెండిట్లో ఒకటి పట్టుకుని దానిమీదే ఉండండి. వంద పదాలు బొమ్మలతో చదివి వినిపించే వీడియోలనీ, అర నిమిషం రీల్స్‌నీ మాత్రం నేర్చుకునే పనికి పెట్టుకోకండి.

కష్టమంతా చేసే పనుల్లోనే

వంటింటి ఇంగ్లీష్ అనగానే అందరూ కూరగాయల పేర్లు రాసుకోవడం మొదలుపెడతారు. వాటికంత టెన్షన్ అక్కర్లేదు. వంకాయని అక్కడ ఏమంటారో సూపర్‌మార్కెట్‌లో దాని కిందే రాసి ఉంటుంది. ఎక్కడా రాసిపెట్టి ఉండనివి చేసే పనుల పేర్లు. చాప్, స్లైస్, డైస్, మిన్స్ అన్నీ మనకి కోయడం, తరగడమే. స్టర్, విస్క్, ఫోల్డ్, టాస్ అన్నీ మనకి కలపడమే. కానీ విస్క్ అంటే పిండిలోకి గాలి ఎక్కేలా వేగంగా గిలకొట్టడం. ఫోల్డ్ అంటే ఆ గాలి పోకుండా గరిటెని అడుగునుంచి పైకి తెస్తూ మెల్లగా తిప్పడం. ఫోల్డ్ అన్నచోట విస్క్ చేస్తే కేకు పొంగదు.

ఈ తేడా మాటల్లో ఎంత చెప్పినా పూర్తిగా తెలీదు, చెయ్యి చూడాలి. అందుకే ఏ వీడియో అయినా నేను ముందు చూసేది ఇదే: మాట నోట్లోంచి వచ్చే క్షణంలోనే ఆ పని చేతిలో కనిపిస్తోందా, లేదా? మనిషి మొహం చూపించి కబుర్లు చెప్పి, అసలు పనిని రెండు సెకన్లలో కట్ చేసి చూపించే వీడియో ఎంత పేరున్నవాళ్లదైనా భాష నేర్చుకోవడానికి పనికిరాదు.

తెలుగు వంట ఛానళ్లు చాలవా?

మొదటి వారానికి చాలు. మన తెలుగు వంటవాళ్లు మాట్లాడేదాంట్లో ఇంగ్లీష్ చాలానే ఉంటుంది. ఫ్లేమ్ మీడియంలో పెట్టుకోండి, మ్యారినేట్ చేసుకోండి, బాయిల్ అయ్యాక గార్నిష్ చేయండి, క్రిస్పీగా ఫ్రై చేయండి. ఓ నాలుగు వీడియోలు పెట్టుకుని వాటిలో దొరికిన ఇంగ్లీష్ మాటలన్నీ ఒక నోట్‌బుక్కులో రాసుకోండి. ఇంత నాకు ముందే తెలుసా అనిపిస్తుంది. బెరుకు ఉన్నవాళ్లకి ఆ ధైర్యం చాలా అవసరం.

అక్కడితో ఆగిపోతే లాభం లేదు. "యాడ్ చేసుకోండి" అని వెయ్యిసార్లు విన్నా మీకు వచ్చేది యాడ్ అన్న ఒక్క మాట. ఇంగ్లీష్ మాట్లాడే వంటవాళ్లు నీళ్లయితే పోర్ అంటారు, ఉప్పయితే స్ప్రింకిల్ అంటారు, నూనె సన్నని ధారగా పోస్తే డ్రిజిల్ అంటారు, కూరగాయ ముక్కలు గిన్నెలో పడేస్తే త్రో ఇన్ అంటారు. వాక్యం ఎలా కట్టాలో తెలుగు ఛానల్ నేర్పదు, నేర్పాల్సిన పనీ దానికి లేదు.

ఇంగ్లీష్‌లో చెప్పే మన వంటవాళ్లు

ఇక్కడే కొత్తవాళ్లు ఎక్కువ రోజులు ఉండాలి. ఇద్దరి పేర్లు చెబుతాను. కాలిఫోర్నియాలో ఉంటూ 2006 నుంచి శాకాహార వంటలు చూపించిన మంజులా జైన్. ఆమె ఇంగ్లీష్ నెమ్మదిగా, చిన్న చిన్న వాక్యాల్లో సాగుతుంది. ఒక పని పూర్తయ్యాకే ఇంకో మాట. రెండో ఆయన వాహ్‌షెఫ్ అని పేరుపడ్డ సంజయ్ తుమ్మ, మన తెలుగాయనే. 2007 నుంచి వీడియోలు చేస్తున్నారు. ఆయన ఉచ్చారణ మన చెవికి అలవాటైనదే కాబట్టి మాట ఎక్కడ తెగుతుందో తెలుస్తుంది. ఆయన కాస్త ఉత్సాహంగా, వేగంగా మాట్లాడతారు కనుక మంజులగారి వీడియోలు కొన్ని చూశాక ఆయన దగ్గరికి వెళ్లడం మేలు. శాకాహారులకి ఇంకో మాట: హెబ్బార్స్ కిచెన్ పాత వీడియోల్లో మాటే ఉండదు, అక్షరాలు మాత్రమే కనిపిస్తాయి. వాటి సంగతి తర్వాత చెబుతాను.

తెలిసిన వంటతో మొదలుపెట్టమనడానికి కారణం మన చేపల పులుసుతోనే చెప్పొచ్చు. ఇంగ్లీష్‌లో చేపల పులుసు చేసే వీడియో ఒకటి పెట్టుకోండి. ముందు సోక్ అంటారు, చింతపండు నీళ్లలో ఉంటుంది. స్క్వీజ్ అంటారు, చెయ్యి పిసుకుతుంటుంది. స్ట్రెయిన్ అంటారు, పిప్పి వడకట్టి తీసేస్తుంటారు. బ్రింగ్ ఇట్ టు ఎ బాయిల్ అన్నప్పుడు పులుసు తెర్లుతుంటుంది. స్లైడ్ ద ఫిష్ ఇన్ అన్నప్పుడు ముక్క విరగకుండా జారవిడుస్తారు. ఆ తర్వాత ఏం చేస్తారో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు, గరిటె పెట్టకుండా గిన్నె అంచులు పట్టుకుని తిప్పుతారు. దానికి వాళ్లు వాడే మాట స్వర్ల్. మామిడికాయ ముక్కలు మెత్తబడేదాకా అనడానికి అంటిల్ టెండర్. రేపటికి పులుసు బాగా పడుతుందని పక్కన పెట్టడాన్ని లెట్ ఇట్ రెస్ట్ అంటారు. తర్వాత వచ్చే పని మీకు ముందే తెలుసు కాబట్టి చెవి మొత్తం మాట మీదే ఉంటుంది. అదే ఎప్పుడూ తినని లసాన్యా వీడియో పెట్టుకుంటే వంటా కొత్తే, మాటా కొత్తే. రెండూ ఒకేసారి పట్టుకోవడం ఎవరివల్లా కాదు.

కారం దోశ కూడా ఇలాంటి మంచి పాఠమే. ల్యాడిల్‌తో పిండి పోయడం, స్ప్రెడ్ చేయడం, కారం పూయడానికి స్మియర్, తిప్పేయడానికి ఫ్లిప్, అంచులు కరకరలాడేదాకా అనడానికి అంటిల్ ది ఎడ్జెస్ ఆర్ క్రిస్ప్. ఈ "అంటిల్" ముక్కలు మాత్రం తప్పకుండా రాసుకోండి. ఎప్పుడు ఆపాలో చెప్పేవి అవే. అంటిల్ గోల్డెన్ బ్రౌన్, అంటిల్ ఫ్రేగ్రెంట్, అంటిల్ ఇట్ థికెన్స్. వంటింటి ఇంగ్లీష్‌లో సగం పని ఇవే చేస్తాయి.

వీటికీ ఒక హద్దు ఉంది. మన దేశపు ఇంగ్లీష్‌లో చెల్లే కొన్ని మాటలు బయట చెల్లవు. పెరుగుని మనం కర్డ్ అంటాం, అక్కడ యోగర్ట్ అనాలి. మునక్కాయని డ్రమ్‌స్టిక్ అంటే అక్కడ చేతికి కోడికాలు ఇస్తారు. గ్రేవీ అంటే వాళ్లకి మాంసం ఊరిన రసంతో చేసే చిక్కటి సాస్. తాలింపుని మనవాళ్లు టెంపరింగ్ అంటారు. పాశ్చాత్యుల వంటలో టెంపరింగ్ అంటే చాక్లెట్‌ని కరిగించి పద్ధతిగా చల్లార్చడం, లేదా గుడ్డు విరగకుండా వేడి పాలు కొద్దికొద్దిగా కలపడం. అందుకే ఒక నెల తర్వాత మారమంటున్నాను. మారకుండా ఇక్కడే ఉండిపోయినవాళ్లకి ధైర్యం ఉంటుంది గానీ కూతురింటి పక్కనున్న దుకాణంలో ఇబ్బంది పడతారు.

ఇంకో జాగ్రత్త. పేరున్న మన వంటవాళ్లు చాలామంది హిందీలో చెబుతారు. ఇప్పుడు యూట్యూబ్ అలాంటి వీడియోలు కొన్నిటిని యంత్రం గొంతుతో ఇంగ్లీష్‌లోకి మార్చి వినిపిస్తోంది. పెదాలకీ మాటకీ పొంతన లేకపోతే సెట్టింగ్స్ గుర్తు నొక్కి ఆడియో ట్రాక్ చూడండి. డబ్బింగ్ మాట చేతి పనికి ముందో వెనకో పడుతుంది. మనకి కావాల్సింది రెండూ కలవడం కనుక అలాంటివి వదిలేయడమే మంచిది.

బ్రిటిషా, అమెరికనా?

రెండూ చూస్తాం, రెండూ వస్తాయి కదా అంటారు చాలామంది. మొదట్లో అలా చూడొద్దు. పదాలు కలగాపులగమైపోతాయి. కొత్తిమీర ఆకు బ్రిటన్‌లో కొరియాండర్, అమెరికాలో సిలాంట్రో. అమెరికాలో కొరియాండర్ అని అడిగితే ధనియాలు ఇస్తారు. వంకాయ బ్రిటన్‌లో ఓబర్జీన్, అమెరికాలో ఎగ్‌ప్లాంట్. మైదా బ్రిటన్‌లో ప్లెయిన్ ఫ్లోర్, అమెరికాలో ఆల్ పర్పస్ ఫ్లోర్. ఎర్రగడ్డల కాడలు బ్రిటన్‌లో స్ప్రింగ్ ఆనియన్, అమెరికాలో స్కాలియన్. మనం కార్న్‌ఫ్లోర్ అనే తెల్లటి పిండి బ్రిటన్‌లోనూ అదే పేరుతో దొరుకుతుంది, అమెరికాలో మాత్రం కార్న్‌స్టార్చ్ అని అడగాలి. అక్కడ కార్న్‌ఫ్లోర్ అంటే మొక్కజొన్న పిండి.

పేర్లైతే దుకాణంలో దిద్దుకోవచ్చు, పని తప్పితే వంట మాడిపోతుంది. గ్రిల్ అని బ్రిటిష్ ఆమె అంటే ఓవెన్ పైకప్పు నుంచి వచ్చే మంట కింద పెట్టమని. అమెరికన్ దాన్ని బ్రాయిల్ అంటాడు. అతను గ్రిల్ అంటే నిప్పుల మీద, ఇనుప చువ్వల మీద కాల్చమని. మంట పైన ఉందా, కింద ఉందా అన్నది చిన్న తేడా కాదు.

కొలతలూ అంతే. బ్రిటిష్ వీడియోలో గ్రాములు, మిల్లీలీటర్లు, సెల్సియస్. ఇవి మనకి అలవాటే. అమెరికన్ వీడియోలో కప్పులు, ఔన్సులు, ఫారెన్‌హీట్. ఓవెన్‌ని 350కి పెట్టమంటే మన లెక్కలో దాదాపు 177 డిగ్రీలు. ఒక కప్పు దాదాపు 240 మిల్లీలీటర్లు, ఒక పౌండు 454 గ్రాములు, ఒక స్టిక్ వెన్న 113 గ్రాములు. ఆస్ట్రేలియా వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: టీస్పూన్ అన్నిచోట్లా 5 మిల్లీలీటర్లే, కానీ టేబుల్ స్పూన్ మిగతాచోట్ల 15 అయితే అక్కడ 20.

వినడానికి ఏది తేలిక అంటే అమెరికన్‌కే నా ఓటు. వాళ్లు "ర"ని ఎక్కడా మింగరు కాబట్టి బటర్, వాటర్, ఫ్లోర్ లాంటి మాటలు చివరిదాకా వినిపిస్తాయి. అమెరికాస్ టెస్ట్ కిచెన్ వీడియోలు నాకు చాలా ఇష్టం. ఒక పని ఎందుకు చేస్తున్నారో కూడా చెబుతారు. అందువల్ల బికాజ్, సో దట్, అదర్‌వైజ్ లాంటి మాటలతో పెద్ద వాక్యం ఎలా అల్లాలో వస్తుంది. కెంజీ లోపెజ్ ఆల్ట్ తలకి కెమెరా కట్టుకుని వండిన వీడియోలు ఉన్నాయి. ఆయన కళ్లు చూసేదే మనమూ చూస్తాం, చెయ్యి ఎప్పుడూ తెర మీదే ఉంటుంది. నేను పైన చెప్పిన పరీక్షలో వీటికి పూర్తి మార్కులు. ఫుడ్ విషెస్ అనే ఛానల్లో షెఫ్ జాన్ మొహం చూపించకుండా చేతులు మాత్రమే చూపిస్తారు, భాష చాలా బాగుంటుంది. కానీ వాక్యాన్ని ఎగరేసి దించే ఆ రాగం ఆయన సొంతం. మాటలు తీసుకోండి, రాగం తీసుకోకండి.

బ్రిటిష్‌వైపు వెళ్లేవాళ్లు డీలియా స్మిత్‌తో మొదలుపెట్టండి. గుడ్డు ఉడకబెట్టడం దగ్గరనుంచి ఓపిగ్గా చెప్పే మనిషి. జేమీ ఆలివర్‌ది బజారు భాష, అంటే మంచి అర్థంలోనే. నిజంగా ఇళ్లలో మాట్లాడేది అలాగే ఉంటుంది. వెన్న ముద్దకి నాబ్ ఆఫ్ బటర్, నూనె గుటకకి గ్లగ్ ఆఫ్ ఆయిల్, ఓవెన్‌లో పెట్టడానికి పాప్ ఇట్ ఇన్, ఒకసారి కలపడానికి గివ్ ఇట్ ఎ స్టర్. ఈ మాటలు ఏ నిఘంటువు ముందేసుకున్నా ఇంత బాగా రావు. డీలియా స్మిత్ కొన్నాళ్లు అయ్యాక ఆయన, ఆయన తర్వాతే రామ్సే.

ఒక పదం దగ్గర కాస్త ఆగుతాను, మా క్లాసులో ఎప్పుడూ వచ్చేదే. "మేడమ్, సిమ్మర్ అంటే స్టవ్ సిమ్‌లో పెట్టడమే కదా?" మన సిమ్ అక్కడినుంచి వచ్చిందే గానీ రెండూ ఒకటి కావు. సిమ్ అంటే మనకి స్టవ్ నాబ్ ఎక్కడుందో చెప్పేది. సిమ్మర్ అంటే గిన్నెలో పులుసు ఎలా ఉందో చెప్పేది: పైన చిన్న చిన్న బుడగలు, తెర్లకుండా. పెద్ద గిన్నె నిండా సాంబారుని సిమ్మర్‌లో ఉంచాలంటే మంట మీడియంలో ఉంచాల్సి రావచ్చు. అమెరికన్ రెసిపీ చూసి సిమ్‌లో పెట్టేసి, గంటైనా ముక్క ఉడకలేదని కంగారుపడేవాళ్లకి కారణం ఇదే.

మాటలేని వీడియోలు, రీల్స్, పదాల పట్టికలు

పైనుంచి చేతులు మాత్రమే చూపించి, సంగీతం పెట్టి, అక్షరాలు వేసే వీడియోలు 2015లో వచ్చిన టేస్టీ అనే ఛానల్‌తో బాగా పాకిపోయాయి. వాటివల్ల స్పెల్లింగ్ వస్తుంది, రెసిపీ చదవడం వస్తుంది. ఎలా పలకాలో మాత్రం రాదు. ఇంగ్లీష్ చదవగలిగి మాట్లాడలేనివాళ్లకి ఇవి తియ్యగా ఉంటాయి, సమస్యేమో అక్కడే ఉండిపోతుంది. అక్షరం చూడగానే పైకి గట్టిగా పలికే అలవాటుంటే చూడండి, లేకపోతే వద్దు. రీల్స్‌లో మాట వేగం పెంచేసి ఉంటుంది. పదాల పట్టికల వీడియో చూసిన మర్నాడు ఏమీ గుర్తుండదు. వీటి గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

రొయ్యలు, చేపల దగ్గర మనకో బలం ఉంది

నెల్లూరు, ప్రకాశం జిల్లాలవాళ్లకి మాత్రమే చెప్పదగ్గ మాట ఇది. రొయ్యల చెరువులు, ప్రాసెసింగ్ ప్లాంట్లు ఉన్న ఊళ్లలో హెడ్‌లెస్, పీల్డ్, డీవీన్డ్, కౌంట్ అన్నవి బడికి వెళ్లనివాళ్ల నోట్లో కూడా ఆడే మాటలు. అవి అచ్చంగా వంట వీడియోలో వినిపించేవే. పీల్ అంటే పొట్టు తీయడం, డీవీన్ అంటే వీపు మీది నల్ల నరం లాగేయడం. ప్లాంట్‌లో పనిచేసిన ఆడవాళ్లు రొయ్యల వీడియోతో మొదలుపెడితే సగం పాఠం ముందే వచ్చి ఉంటుంది. ఒక్క తేడా ఉంది. చెరువు గట్టు మీద 30 కౌంట్ అంటే కిలోకి 30. అమెరికన్ వీడియోలో 16, 20 అని చెబితే పౌండుకి 16 నుంచి 20 అని. పౌండు అర కిలో కంటే తక్కువ, కాబట్టి అవి మన లెక్కలో కిలోకి 35 నుంచి 44. రొయ్యని వాళ్లు ష్రింప్ అంటారు, బ్రిటన్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ ప్రాన్.

చేపల పేర్లకి మాత్రం వీడియోని నమ్ముకోకుండా ఓ పక్క రాసిపెట్టుకోండి. మన పండుగప్ప ఆస్ట్రేలియాలో బారమండి, అక్కడ చాలా ఇష్టంగా తింటారు. వంజరాన్ని మన దేశంలో సీర్ ఫిష్ అంటారు. అమెరికా దుకాణంలో కింగ్ మాకెరెల్ అనో స్పానిష్ మాకెరెల్ అనో దాని జాతివే దొరుకుతాయి. పొలుసు తీయడం స్కేల్, పొట్ట శుభ్రం చేయడం గట్, ముల్లు లేకుండా కండ కోయడం ఫిలెట్, మసాలా పట్టేలా గాట్లు పెట్టడం స్కోర్. ఈ నాలుగూ వస్తే ఏ దేశంలోనైనా చేపల కౌంటర్ దగ్గర ధైర్యంగా నిలబడొచ్చు.

ఎలా చూడాలి

ఏది ఎంచుకున్నా ఒక వీడియోని మూడు విడతలుగా చూడమంటాను. మొదటిసారి అక్షరాలు లేకుండా, పూర్తిగా. రెండోసారి ఇంగ్లీష్ క్యాప్షన్లతో, వేగం 0.75కి తగ్గించి. 0.5కి తగ్గిస్తే గొంతు సాగిపోయి మాటే మారిపోతుంది, అంత దాకా వద్దు. తెర ఎడమవైపు రెండుసార్లు తడితే 10 సెకన్లు వెనక్కి వెళ్తుంది. అర్థం కాని చోట అలా వెనక్కి వెళ్లి పైకి పలకండి. వీడియో కింద వివరణ తెరిస్తే ట్రాన్‌స్క్రిప్ట్ చూపించే బటన్ చాలావాటికి ఉంటుంది, మొత్తం మాటలన్నీ వరసగా కనిపిస్తాయి. యంత్రం రాసిన క్యాప్షన్లలో తప్పులుంటాయి, మన పదార్థాల పేర్లు దానికి అసలే రావు. క్యాప్షన్లని తెలుగులోకి మార్చుకునే సదుపాయం ఉంది గానీ మొదటినుంచీ అది పెట్టుకుంటే కళ్లు తెలుగు చదువుతాయి, చెవులు ఇంగ్లీష్‌ని వదిలేస్తాయి.

మూడోసారి ఫోన్ వంటింట్లో పెట్టుకుని వాళ్లతోపాటు వండండి. చేసే ప్రతి పనినీ పైకి చెప్పండి. ఐ యామ్ చాపింగ్ ది ఆనియన్స్, నౌ ఐ యామ్ పోరింగ్ ది ఆయిల్. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. చెయ్యి పని చేస్తుండగా నోరు పలికిన మాట నిలిచిపోతుంది, ఇది నేను మా క్లాసులో ఎంతోమందిలో చూశాను. వాడే సామాను పేర్లు కూడా అప్పుడే వస్తాయి. మా జిల్లాలో ఉదయగిరి చెక్క గరిటెలకి భౌగోళిక గుర్తింపు ఉంది, మీ ఇంట్లోనూ ఒకటో రెండో ఉండే ఉంటాయి. వాటిలో ఏది ల్యాడిల్, ఏది స్పాచులా, ఏది వుడెన్ స్పూన్ అని విడదీసి చూడండి.

ఎవరికి ఏది

అమెరికాలో కూతురింటికో కొడుకింటికో వెళ్లే అమ్మలకి: మంజులా జైన్, ఆ తర్వాత కెంజీ. మీకు కప్పులూ ఫారెన్‌హీటూ, దుకాణంలో పేర్లూ, ఓవెన్ గురించి నాలుగు మాటలూ వస్తే రోజు గడిచిపోతుంది. రామ్సే, ఆలివర్ మీకు అక్కర్లేదు. మనవడికి మైక్రోవేవ్‌లో పాలు వేడి చేయడం గురించి అల్లుడికి వివరించడం కంటే, అతను ఆఫీసుకి వెళ్లాక మీరే బటన్ల మీది మాటలు చదువుకోగలగడం మేలు: డీఫ్రాస్ట్, రీహీట్, కుక్ టైమ్, స్టార్ట్.

పిల్లలకి ఇంగ్లీష్ రావాలని వాళ్లతో కలిసి చూసే తల్లులు కేకులు, బిస్కెట్ల వీడియోలు పెట్టుకోండి. బేకింగ్‌లో కొలత, వరస కచ్చితంగా ఉంటాయి కాబట్టి ఫస్ట్, నెక్స్ట్, దెన్, ఆఫ్టర్ దట్ లాంటి మాటలు తేటగా వస్తాయి. ఏదో ఒక దేశం పట్టుకోమన్నాను కదా, ఇక్కడ గ్రాముల్లో చెప్పే బ్రిటిష్ వీడియోలే మీకు సుఖం.

హోటల్ లైన్ కుర్రాళ్లకి వంట వీడియోలు సగమే ఉపయోగం. విస్క్, బ్లాంచ్, స్వెట్, రెడ్యూస్, సాటే, బ్రేజ్ లాంటి పనులు అక్కడ వస్తాయి. పెద్ద కిచెన్‌లో మనుషులు ఒకళ్లతో ఒకళ్లు అరుచుకునే మాటలు రెసిపీలో ఉండవు. వెనక నుంచి వెళ్తున్నానని బిహైండ్, మలుపు తిరుగుతున్నానని కార్నర్, చేతిలో వేడి గిన్నె ఉందని హాట్, పని మొదలుపెట్టే ముందు సరంజామా అంతా సిద్ధం చేసుకోవడాన్ని మీజ్ ఆన్ ప్లాస్, ఆర్డర్ వండడం మొదలుపెట్టమని ఫైర్, అమెరికాలోనైతే ఒక ఐటమ్ అయిపోయిందని ఎయిటీ సిక్స్. రెస్టారెంట్ కిచెన్‌లో ఒక షిఫ్టు మొత్తం చూపించే వీడియోలు చాలా ఉన్నాయి, వారానికి రెండైనా చూడండి. రామ్సే వేగం మీకు మంచిదే. పనిలో మీకు వినిపించేది ఆ వేగమే.

బ్రిటన్‌లో చదువుతూ కేఫ్‌లో, టేక్‌అవేలో పనిచేయాలనుకునే పిల్లలకి జేమీ ఆలివర్ భాష బాగా పనికొస్తుంది. కానీ దానికంటే ముందు నేర్చుకోవాల్సింది ఒకటుంది, అది ఏ రెసిపీ వీడియోలోనూ ఒకచోట దొరకదు. ఆ దేశంలో తిండి అమ్మేచోట 14 రకాల అలర్జీ పదార్థాల గురించి కొనేవాళ్లకి చెప్పితీరాలని చట్టం ఉంది. గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, క్రస్టేషియన్స్ అంటే రొయ్యలూ పీతలూ, మలస్క్స్ అంటే ఆలిచిప్పల్లాంటివి, వేరుశనగలు, చెట్టు గింజలైన బాదం జీడిపప్పు లాంటివి, నువ్వులు, సోయా, ఆవాలు, సెలరీ, లూపిన్ అనే ఒక రకం గింజలు, నిల్వ కోసం కలిపే సల్ఫైట్లు. మన తాలింపులో ఆవాలు ఉంటాయి, పొడుల్లో నువ్వులూ వేరుశనగలూ ఉంటాయి, డబ్బాలో వచ్చే ఇంగువలో చాలావాటికి గోధుమపిండి కలిసి ఉంటుంది. ఇండియన్ టేక్‌అవే కౌంటర్ దగ్గర "డజ్ దిస్ కంటెయిన్ మస్టర్డ్?" అని ఎవరైనా అడిగితే ఆలోచించకుండా నో అనేస్తే ఒకరి ప్రాణం మీదికి రావచ్చు. తెలియకపోతే "లెట్ మి చెక్ విత్ ద కిచెన్" అనాలి. విమానం ఎక్కేముందే ఈ 14 పేర్లూ పలకడం నేర్చుకోండి. ఆ దేశపు ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో ఉచితంగా అలర్జీ శిక్షణ ఇస్తోంది, ఇంటర్నెట్ ఉంటే నెల్లూరులో కూర్చునే చేసేయొచ్చు.